ఉక్కురెక్క చెయ్యి వదిలిన సంచిక

సతీశ్ వరుసగా రెండుసార్లు డయాలసిస్ ఎగ్గొట్టాడు. జగిత్యాల దవాఖానలో అతని మంచం ఖాళీగా ఉందని నర్సు ఫోన్ చేస్తే, చిన్ననాటి దోస్తు జుబేర్ కోరుట్లలో తన ఫ్లెక్సీల దుకాణం షట్టరు దించి ఊరంతా తిరిగాడు. సతీశ్ భార్య కళావతి చుట్టుతున్న బీడీల చాట పక్కకు నెట్టి ఇంకో దిక్కు పరుగెత్తింది. చివరికి మార్కెట్ యార్డు వెనక, నడపడం మానేసి మూలకు పెట్టిన తన ఆటోలోనే దొరికాడు మనిషి. వెనక సీటు మీద ముడుచుకుని పడుకున్నాడు. మొహం ఉబ్బింది, పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. రమ్మంటే రానన్నాడు. బతిమాలితే కళ్ళు మూసుకున్నాడు. జుబేర్ కోపం పట్టలేక ఆటోను ఒక్క తన్ను తన్నాక, సతీశ్ నోరు విప్పాడు.

“రేపస్త తియ్. గానీ నీ ట్రంకుపెట్టెలున్న ఉక్కురెక్క పుస్తకాలు పట్కరావాలె. ముప్పై ఒకటో సంచిక మర్వకు.”

ఎందుకని జుబేర్ అడగలేదు. వస్తానన్నాడు, అదే పదివేలు అనుకున్నాడు.

తెల్లవారి ముగ్గురూ బస్సెక్కారు. జుబేర్ ఒళ్ళో గుడ్డసంచి, అందులో పాత బొమ్మల పుస్తకాల కట్ట. వేపాకు, నాఫ్తలీన్ గోళీల వాసన కలిసి గుప్పుమంటుంటే ముందు సీటు ఆవిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఇంటి దగ్గర అతని భార్య ఫర్హీన్ కూడా నవ్వింది. రోగిని చూడబోయేవాళ్ళు పండ్లు పట్టుకుపోతారు గానీ చిత్తు కాగితాలు పట్టుకుపోతారా అని. ఆమెకేం తెలుసు? ఆ కట్టలో ఒక్కొక్క పుస్తకానికీ ఒక్కొక్క కథ ఉంది. కొన్ని బస్టాండు బుక్‌స్టాలులో కొన్నవి, కొన్ని పాత సామాన్ల దుకాణంలో తూకానికి పోబోతుంటే లాక్కొచ్చినవి. అట్ట పోయినవాటికి సతీశ్ క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, దాని మీద స్కెచ్ పెన్నుతో రెక్కలు గీసేవాడు. పుస్తకాలు ఇద్దరివీ. సతీశ్ వాళ్ళ ఇల్లు వానకు కురుస్తుందని పెట్టె జుబేర్ ఇంట్లో ఉండిపోయింది, అంతే.

డయాలసిస్ హాలులో ముందు బరువు చూశారు. నర్సు తూకం ముల్లును చూసి, సతీశ్‌ను చూసి, తల కొట్టుకుంది.

“ఎన్ని నీళ్ళు పట్టినయో చూస్తున్నవా? ఇట్ల మానుకుంట పోతే ఊపిరితిత్తులకు నీళ్ళు ఎక్కుతయి. గప్పుడు కరీంనగర్ ఉరికినా ఎవ్వలేం చెయ్యలేరు.”

“ఇగ మానడు సిస్టర్, నేను పట్కొస్త,” అన్నాడు జుబేర్. సతీశ్ మాత్రం ఆ మాట తన గురించి కానట్టు కిటికీ వైపు చూశాడు.

ఎడమ చేతికి సూదులు గుచ్చారు. ఎర్రటి గొట్టాలు యంత్రంలోకి పోయి తిరిగొచ్చాయి. కళావతి దుప్పటి కప్పి, తోడు ఒక్కరే ఉండాలని నర్సు అంటే బయటి బెంచీ మీదికి పోయి కూర్చుంది. జుబేర్ స్టూలు లాక్కుని సంచి విప్పాడు.

మొదటి పుస్తకం తెరవగానే సతీశ్ మొహం మారింది. రంగులు వెలిసిపోయినా ఉక్కురెక్క ఉక్కురెక్కే. పగలు కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. ఊరికి ఆపదొస్తే భుజాల నుంచి ఉక్కు రెక్కలు మొలుచుకొస్తాయి. అతని శత్రువు తుప్పురాయుడు. నోటితో ఊదితే ఇనుము పొడి పొడిగా రాలిపోతుంది. అన్నకు తోడు మిణుగురు అనే చెల్లెలు. అరచేతుల్లో వెలుగు పుడుతుంది ఆ పిల్లకు.

“ఏడోది తియ్,” అన్నాడు సతీశ్. “మీసం పోయిన సంచిక.”

జుబేర్ తీశాడు. నిజమే, సగం కథ దాకా ఉక్కురెక్కకు గుబురు మీసం ఉంటుంది, దొంగల గుహలోకి పోయి వచ్చేసరికి మాయం.

“గుహల మంగలాయన ఉండెనని నువ్వనేటోనివి.”

“నువ్వేమో తుప్పురాయుడు ఊదితే మీసానికి గూడ తుప్పు పట్టిందంటివి,” అని సతీశ్ నవ్వబోయి దగ్గాడు.

పక్క మంచం మీది ఆగయ్య అనే ముసలాయన మెడ ఎత్తాడు. ఒకప్పుడు బీర్పూర్ దిక్కు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. “ఏందిర గది? నాక్కూడ జెప్పుండ్రి,” అన్నాడు. చెబితే శ్రద్ధగా విని, “మరి రెక్కలున్నోడు తాడెక్కెటందుకు మోకు గట్టుకోవాల్నా, అద్దా?” అని అడిగాడు. అద్దు తాతా అంటే, మంచి నౌకరే అని మళ్ళీ పడుకున్నాడు. సతీశ్ ఈసారి గట్టిగానే నవ్వాడు. జుబేర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇట్లా నవ్వేవాడు చావాలని ఎందుకనుకుంటాడు? విసుగు పుట్టింది, రెండుసార్లు మానుకున్నాడు, అంతే అయ్యుంటుంది.

ఒకటి తర్వాత ఒకటి తిరగేశారు. నీలం రంగు అయిపోయిందేమో, రెక్కలను ఆకుపచ్చగా అచ్చేసిన సంచిక దగ్గర ఆగారు. శోభ మాట వచ్చింది. శోభ సతీశ్ చెల్లెలు, సిరిసిల్లలో ఉంటుంది. చిన్నప్పుడు ఆమెకు తువ్వాల కట్టి, చేతిలో టార్చిలైటు పెట్టి మిణుగురును చేసేవాళ్ళు. బ్యాటరీ అయిపోతే వెలుగు రావట్లేదని ఏడ్చేది.

“టార్చి ఆరిపోయినా చెయ్యి దించకపోతుండె అది,” అన్నాడు సతీశ్. నవ్వు అక్కడితో ఆగిపోయింది. “ముప్పై ఒకటి తియ్.”

ఆ సంచిక కథ ఇద్దరికీ కంఠతా వచ్చు. గోదావరి మీద వంతెన కూలుతుంది. రైల్లోని జనాన్నంతా దాటించాక, ఇనుప దూలం పడి ఉక్కురెక్క రెక్కలు నలిగిపోతాయి. వంతెన అంచుకు వేలాడుతుంటాడు. పైనుంచి మిణుగురు బోర్లా పడుకుని అన్న చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకుంటుంది గానీ పైకి లాగలేకపోతుంది. ఆమే జారిపోతుంటుంది. వదలమంటే వదలదు. అప్పుడు ఉక్కురెక్క తనే వేళ్ళు విప్పేస్తాడు. ఆఖరి బొమ్మలో నీళ్ళు, నీళ్ళ మీద ఒక్క తెరిచిన అరచెయ్యి.

ఆ పుస్తకం చదివిన రోజు సతీశ్ బువ్వ తినలేదు. ఆ బొమ్మలేసినోని చేతులిరగ్గొట్టాలని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. జుబేర్ మాత్రం అది తప్పు కాదన్నాడు. దాని మీద ఇద్దరూ కొట్టుకుని, చొక్కాలు చింపుకుని, వారం మాట్లాడుకోలేదు.

జుబేర్ ఆ ఆఖరి పేజీ దోస్తు కళ్ళ ముందు పట్టుకున్నాడు. సతీశ్ నీళ్ళ మీది అరచేతిని కుడిచేతి వేలితో తాకాడు.

“మంచిగ గీసిండుర,” అన్నాడు మెల్లగా. “నాకే గప్పుడు సమజ్ కాలే.”

“ఏం సమజ్ కాలే?”

“గాడు చేసిందే రైట్. చెల్లె గూడ పడిపోతది కద. చెయ్యి ఇడ్వక ఏం జేస్తడు?”

జుబేర్ పుస్తకం దించాడు.

“ఏం రైటు? గింత సేపు ఆగితే ఎవలో ఒకలు రాకపోదురా? తాడు తేకపోదురా? ఇడిసిపెట్టుడు ఏం మొగతనం?”

సతీశ్ అతని వైపు తిరిగాడు. “గప్పుడు నువ్వే అన్నవు కద జుబ్బూ. ‘చెల్లెను బతికిచ్చుకున్నడు, గందుకే ఆడు హీరో’ అని. నా అంగి చింపి మరీ చెప్పినవ్.”

“పన్నెండేండ్ల ఈడుల అన్న మాట పట్టుకుంటవా?”

“మాట మంచిదే కద.”

జుబేర్ సంచిలో తడిమాడు. ముప్పై రెండో సంచిక బయటికి లాగాడు. “ఇగో, చూడు. మల్ల అచ్చిండు కద! మొదటి పేజీలనే ఉన్నది. ‘మన వీరుడు క్షేమం’ అని.”

“ఎట్ల అచ్చిండో చెప్పిండా?”

జుబేర్ పుస్తకం మూసేశాడు. ఎట్లా వచ్చాడో ఆ పుస్తకం చెప్పలేదు. ఆ సంగతి మీద కూడా చిన్నప్పుడు ఇద్దరూ కోపం తెచ్చుకున్నారు.

“సాఫ్ సీదా చెప్పు సతీశ్. శోభకు ఏమైంది?”

సతీశ్ తల తిప్పి ఆగయ్య నిద్రపోయాడో లేదో చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. పది రోజుల కింద కరీంనగర్ ల్యాబు నుంచి ఒకాయన ఫోన్ చేశాడట. పేషంటు నంబరని ఇతనికే చేశాడు. మీ చెల్లెలి కిడ్నీ కలిసేటట్టుంది, ఆఖరి పరీక్షకు ఎప్పుడు పంపుతారని అడిగాడు. సతీశ్‌కు అప్పటిదాకా ఆమె పరీక్షలకు పోయినట్టే తెలియదు.

“అల్లా!” జుబేర్ స్టూలు మీద నుంచి సగం లేచాడు. “మరి గిది సంతోషం ముచ్చట గాదుర! నా రక్తం కలవదన్ననాడు నేనెంత ఏడ్సిన్నో నీకెర్కనా? వదినది కలవకపాయె. శోభది కలిసిందంటే...”

“కూసో.”

కూర్చున్నాడు.

“దానికి కాన్పైనప్పుడు సిరిసిల్ల దవాఖానకు నేనే ఆటో ఏసుకోని పోయిన. నీకు చెప్పిన కద. రక్తం ఆగలే. ఇద్దరిది ఒకటే గ్రూపని నాదే తీసి ఎక్కిచ్చిండ్రు. ఆపరేషన్ రూము తలుపు తీసినప్పుడు చూసిన జుబ్బూ. సున్నమేసిన గోడ తీరు ఉండె దాని మొకం. పిలిస్తే కండ్లు తెరువలే. గా మొకం ఇంకా నా కండ్ల ముంగటనే ఉన్నది. దాన్ని మల్ల గా బల్ల మీద పండవెట్టాల్నా? నా కోసం?”

“డాక్టర్లు అన్నీ చూసే చేస్తరు కదర.”

“గప్పుడు గూడ డాక్టర్లే ఉండిరి.”

యంత్రం తన మానాన తాను తిరుగుతోంది. జుబేర్‌కు చెప్పడానికి వంద మాటలున్నట్టే ఉంది. కాన్పు వేరు, ఇది వేరు అనాలి. శోభ పెద్దమనిషి, ఆమె ఇష్టం ఆమెది అనాలి. నువ్వు పోతే ఆమె బతికినా బతికినట్టుంటుందా అనాలి. అన్నీ నిజాలే. సతీశ్ చూసిన ఆ మొహం ముందు అవేవీ నిలిచేట్టు లేవు.

“నేను అద్దంటే అది ఇనదు,” అన్నాడు సతీశ్. “నేనే లేకపోతే ఎవలకిస్తది? గందుకే దవాఖాన బంద్ జేసిన. గానీ పానం అంత అల్కగ పోతలేదు. మస్తు తక్లీఫ్ ఐతుంది. ఊపిరి ఆడదు. భయమైంది. గందుకే ఇయ్యాల అచ్చిన.” దోస్తు మణికట్టు పట్టుకున్నాడు. “నువ్వొక పని చెయ్యాలె. సిరిసిల్ల పోయి శోభకు చెప్పాలె. కిడ్నీ పెట్టుడు ఇగ కుదరదట, గుండె ఖరాబైందట, డాక్టర్లే అద్దన్నరట అని. నా మాట నమ్మదు. నీ మాట నమ్ముతది.”

“నేను చెప్ప.”

“జుబ్బూ...”

“చెప్పనంటే చెప్ప! దాంతోని అబద్ధమాడి నిన్ను సంపుకోవాల్నా? దోస్తునా, కసాయోన్నా నేను?”

గొంతు పెరిగింది. అవతలి మంచాల వాళ్ళు తిరిగి చూశారు. సతీశ్ జవాబు చెప్పలేదు. చెప్పడం లేదని కోపంగా చూసిన జుబేర్‌కు అతని పెదవుల రంగు పోయినట్టు అనిపించింది. నుదుట చెమటలు. కుడికాలి పిక్క రాయిలా బిగుసుకుని దుప్పటి కింద ఎగిరెగిరి పడుతోంది. యంత్రం కీచుమని మొత్తుకుంది.

“సిస్టర్!”

నర్సు పరుగున వచ్చింది. బీపీ పడిపోయిందంటూ తల దించి కాళ్ళు ఎత్తింది, గొట్టానికి సెలైన్ కలిపింది. “నీళ్ళు మస్తు తియ్యాల్సొస్తుంది కద, గందుకే. కాలు గట్టిగ పట్టుకో అన్నా, పాదం ముందటికి వంచు,” అంది. జుబేర్ రెండు చేతులా పాదం పట్టుకుని వంచాడు. చిన్నప్పుడు చెరువులో ఈత కొట్టిన పాదం, ఆటో బ్రేకు తొక్కిన పాదం. ఇప్పుడు తన వేళ్ళు ఎక్కడ పడితే అక్కడ గుంట పడుతోంది. సతీశ్ కళ్ళు పైకి తేలిపోయి, మళ్ళీ కిందికి వచ్చి, జుబేర్‌ను వెతుక్కున్నాయి.

“చెప్తవా?” అన్నాడు. గాలి తప్ప గొంతు లేదు.

“నువ్వు మాట్లాడకు.”

“చెప్తవా, లేదా?”

“చెప్త.” ఆ మాట జుబేర్ నోట్లోంచి తనంతట తానే ఊడిపడింది. “చెప్తర. పోత సిరిసిల్లకు. ఇయ్యాలనే పోత. నువ్వు జర కండ్లు మూసుకోకు, నన్ను చూడు, నన్ను చూడు...”

కాసేపటికి పిక్క సడలింది. బీపీ ఎక్కిందని నర్సు అంది. సతీశ్ నిద్రలోకి జారుకున్నాడు. పెదవుల మీద కొంచెం నవ్వు కూడా ఉందేమోననిపించింది జుబేర్‌కు. కింద పడిన ముప్పై ఒకటో సంచిక తీసి దుమ్ము దులిపి సంచిలో పెట్టాడు. ఇప్పుడు ఏడవడానికి కూడా చోటు లేదు. హాలు బయటికి వచ్చాడు.

కళావతి బెంచీ మీద టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది. “లోపట ఏమో లొల్లి ఇనవడ్డది భాయ్. సిస్టర్ నన్ను రానియ్యలే.”

“బీపీ పడ్డది వదినా. ఇప్పుడు మంచిగనే ఉన్నడు. పండుకున్నడు.”

“ఏమన్నడు నీతోని? ఎందుకు రానంటుండట?”

“అలసిపోయిండట,” అన్నాడు జుబేర్ గోడకేసి చూస్తూ.

ఆమె అతని మొహంలోకి చూసింది. “ఆయనకు ఎర్కైందా?”

“ఏంది ఎర్కయ్యేది?”

కళావతి చుట్టూ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేనే పోయిన భాయ్ సిరిసిల్లకు. చుట్టాల ఇంట్ల శుభకార్యమని ఆయనకు చెప్పి పోయిన. శోభ కాళ్ళు పట్టుకున్న. నీకన్న చిన్నదాని కాళ్ళు పట్టుకుంటవా అని ఆమె అత్త కొట్లాటకచ్చింది. శోభ మాత్రం ఒక్క మాట అనలే. పొయ్యి మీది కూర దించింది. చేతులు కడుక్కున్నది. ‘ఎప్పుడు రావాలె వదినా’ అన్నది.” ఆమె కళ్ళు నిండాయి. “నేను చేసింది తప్పా భాయ్? నా రక్తం కలవకపాయె, నీది కలవకపాయె. ఇగ ఎవ్వలిని అడగాలె నేను? ఆయనకు మాత్రం చెప్పకు. నీకు దండం పెడుత.”

లోపల ఒకరికి మాటిచ్చి వచ్చాడు. ఆ మాట నిలబెట్టుకుంటే ఈమె బతుకు పోతుంది. నిలబెట్టుకోకపోతే రేపటి నుంచి ఆ మంచం ఖాళీ. శోభకు చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే. జుబేర్‌కు తన రెండు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. “తప్పు గాదు వదినా,” అన్నాడు. అది కూడా అబద్ధమో నిజమో అతనికి తెలియదు.

గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి ముందు ఏడేళ్ళ పిల్ల దిగింది, స్కూలు డ్రెస్సులోనే. వెనక చేతిలో బట్టల సంచితో ఒక ఆడమనిషి. కళావతి “శోభా!” అని అడుగు ముందుకేసి అక్కడే ఆగిపోయింది. ఆమెను ఇవాళ రమ్మని ఎవరూ పిలవలేదు.

శోభ వరండాలోకి వచ్చింది. తల సరిగా దువ్వుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

“రేపు కరీంనగర్‌ల ఆఖరి పరీక్షనట వదినా. ల్యాబాయన నాకు చేసిండు. మా ఇంటాయనేమో పోతే మల్ల ఈ గడప తొక్కకన్నడు. సరే తియ్ అని అచ్చిన.” బిడ్డ చెయ్యి కళావతి చేతిలో పెట్టింది. “జర దీనికి ఏమన్న తినవెట్టు. పొద్దటి నుంచి ఏం తినలే. అన్న ఎక్కడున్నడు జుబేరన్నా? ఎన్నో మంచం?”

జుబేర్ కదల్లేదు. అడ్డుకోవాలని అనుకోలేదు, దారివ్వాలనీ అనుకోలేదు. తలుపు ముందు అట్లాగే నిలబడ్డాడు.

“ఏమైందన్నా? గట్ల నిలవడ్డవేంది?”

అప్పుడే హాలులోంచి, నిద్ర తేరుకున్న నీరసపు గొంతు అందరికీ వినబడేట్టు పిలిచింది.

“జుబ్బూ... ఇంకా పోలేదార? సిరిసిల్ల బస్సు పోతది!”

శోభ జుబేర్ మొహంలోకి చూసింది.

“సిరిసిల్లకు ఎందుకన్నా?” అని అడిగింది. “నాకేం చెప్పి రమ్మన్నడు?”